‘ఇలా అయిపోయావేంటి?’

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడిచేసే లూపస్ జబ్బు కిడ్నీల దాకా వెళ్ళిన అమ్మాయికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు రెండు రకాల మార్పులు ఇంచుమించు ఒకేసారి వస్తాయి. మూత్రంలో పోతున్న ప్రొటీన్ తగ్గుముఖం పడుతుంది. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోలేక పడే బాధ పోతుంది, సాయంత్రం జ్వరం రావడం మానేస్తుంది. అదే సమయంలో బుగ్గలు ఉబ్బుతాయి, గడ్డం కింద కొవ్వు చేరుతుంది, ముఖం గుండ్రంగా తయారవుతుంది. మొదటి మార్పు ల్యాబ్ రిపోర్టులో ఉంటుంది. దాన్ని ఆమె చూస్తుంది, ఆమె డాక్టరు చూస్తారు, బహుశా ఇంట్లో మరొకరు చూస్తారు. రెండో మార్పు మటుకు ఆమె ఏ పెళ్ళికైనా వెళ్తే అక్కడికి వచ్చిన రెండు వందల మందికీ కనిపిస్తుంది.

జబ్బు ముదిరి, ఆకలి చచ్చి, మనిషి సగమైపోయిన రోజుల్లో “భలే నాజూగ్గా ఉన్నావే, ఏం తింటున్నావేంటి?” అన్న చుట్టాలే, జబ్బు అదుపులోకి వస్తున్న రోజుల్లో “ఇలా అయిపోయావేంటే?” అంటారు. బయటివాళ్ళ మెప్పు, బెంగ రెండూ జబ్బు నడకకు సరిగ్గా ఎదురు దిశలో నడుస్తాయి.

రూపం మీద వచ్చే ఇలాంటి మాటలను మనం మర్యాదకు సంబంధించిన సంగతిగా తీసుకుంటాం. అన్నవాళ్ళకు తెలివి లేదనో, పడ్డవాళ్ళకు సున్నితం ఎక్కువనో సర్దిచెప్పుకుంటాం. నేను దీన్ని వైద్యానికి సంబంధించిన సంగతిగానే చూస్తాను. ఆ మాటలు పడలేక మందులు మానేసేవాళ్ళు ఉన్నారు. ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి తెచ్చే మందులు వాటిలో ఉన్నాయి.

మాత్ర చేసే పని

కిడ్నీల పైభాగాన్ని అంటిపెట్టుకుని ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. తెల్లవారుజామున అది పెరుగుతుంది, రాత్రికి తగ్గుతుంది. రక్తపోటును నిలబెట్టడం, తిండి లేని వేళ రక్తంలో చక్కెర పడిపోకుండా చూడటం, రోగనిరోధక వ్యవస్థ హద్దు దాటకుండా ఆపడం దాని పనులు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఈ కార్టిసాల్‌ను పోలి, అదే పనిని ఇంకా గట్టిగా చేసే మందులు. ఆరోగ్యవంతుల ఒంట్లో రోజంతా ఊరే కార్టిసాల్‌ను ప్రెడ్నిసొలోన్ లెక్కలోకి మారిస్తే దాదాపు 5 మిల్లీగ్రాములు. లూపస్ కిడ్నీలను పట్టినప్పుడు మొదట్లో రోజుకు 40 మిల్లీగ్రాములు ఇవ్వాల్సి రావచ్చు. శరీరం ఎరిగిన మోతాదుకు ఇది దాదాపు ఎనిమిది రెట్లు.

ఈ మందు పుట్టుక ఒక గొప్ప గమనింపుతో మొదలైంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్ళవాతం రోగులను చూసేవారు. వాళ్ళలో ఎవరికైనా కామెర్లు వచ్చినా, గర్భం నిలిచినా కీళ్ళ నొప్పులు కొంతకాలం మాయమవడం ఆయన పట్టుకున్నారు. శరీరంలోనే ఏదో పదార్థం ఈ పని చేస్తోందని అనుకున్నారు. 1948 సెప్టెంబరులో, సహచరుడు ఎడ్వర్డ్ కెండాల్ అడ్రినల్ గ్రంథి నుంచి వేరుచేసి గుర్తించిన పదార్థాన్ని ఒక యువతికి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కదలడమే కష్టంగా ఉన్న ఆమె కొద్ది రోజుల్లో లేచి నడిచింది. అదే కార్టిసోన్. 1950లో వాళ్ళిద్దరికీ, స్విట్జర్లాండ్‌లో ఇదే పని చేసిన తదేయుష్ రైక్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

తొలి రోజుల రోగుల్లోనే గుండ్రటి ముఖమూ బయటపడింది. వైద్యులకు ఆ ముఖం కొత్త కాదు. 1912లోనే హార్వీ కుషింగ్ అనే శస్త్రవైద్యుడు అలాంటి ముఖం, పెద్ద పొట్ట, సన్నటి కాళ్ళూ చేతులూ ఉన్న ఒక యువతి గురించి రాశారు. ఆ లక్షణాల సమూహానికి తర్వాత ఆయన పేరే స్థిరపడింది. కార్టిసాల్ ఒంట్లోనే మితిమీరి తయారైనా, మాత్ర రూపంలో బయటి నుంచి వచ్చినా ఫలితం ఒకటే. కొవ్వు పంపిణీ మారిపోతుంది. ముఖం, మెడ వెనక భాగం, పొట్ట దాన్ని పోగుచేసుకుంటాయి. చేతులు, తొడల కండరాలు మాత్రం కరుగుతాయి. ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి. ఆకలి విపరీతంగా పెరుగుతుంది. చర్మం పలచబడి పొట్ట మీద ఊదారంగు చారలు వస్తాయి. మొటిమలు, ముఖం మీద నూగు కూడా రావచ్చు.

“కాస్త తిండి తగ్గించుకోకూడదూ?” అనే సలహా ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. ఉప్పు, తీపి, నూనె తగ్గిస్తే బరువు పెరగడం కొంత అదుపులో ఉంటుంది, నీరు పట్టడమూ తగ్గుతుంది. అది చేయాల్సిందే. కానీ కొవ్వు బుగ్గల్లో చేరాలా, మరోచోట చేరాలా అన్నది తినే మనిషి చేతిలో లేదు. ఒక పూట భోజనం మానేసిన అమ్మాయికీ గుండ్రటి ముఖం వస్తుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు మనసునూ కదిలిస్తాయి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. కారణం లేకుండా కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. కొందరిలో తీవ్రమైన కుంగుబాటు దాకా వెళ్తుంది. పెళ్ళి పందిట్లో పెద్దమ్మ అన్న ఒక్క మాట పడుతున్నది అలా నిద్రలేక, మందుతో అల్లాడుతున్న మనసు మీద. “అంత చిన్న మాటకే ఏడవాలా?” అని ఆశ్చర్యపోయే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

మానేస్తే ఏమవుతుంది

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో కార్టిసాల్ ఎంత ఉందో కనిపెట్టుకుని, చాలకపోతే అడ్రినల్ గ్రంథులకు సంకేతం పంపుతుంది. బయటి నుంచి స్టెరాయిడ్ దండిగా వస్తుంటే ఆ సంకేతం ఆగిపోతుంది. మూడు నాలుగు వారాలకు మించి అలా సాగితే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించి కుంచించుకుపోతాయి. నెలల తరబడి ట్యాంకర్ నీళ్ళతో గడిపి, బోరు మోటారు వేయడమే మానేసిన ఇంటి పరిస్థితి ఇది. ట్యాంకర్ ఒక్కరోజు రాకపోతే, తుప్పుపట్టిన మోటారు స్విచ్ వేయగానే నీళ్ళు ఎత్తిపోయదు.

ఇలాంటి స్థితిలో మాత్ర ఒక్కసారిగా ఆపితే మొదట విపరీతమైన నీరసం వస్తుంది. తర్వాత వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరగడం. రక్తపోటు పడిపోతుంది, సోడియం తగ్గుతుంది, మగత కమ్ముతుంది. ఆ సమయంలో జ్వరమో, విరేచనాలో, ఆపరేషనో తోడైతే మనిషి షాక్‌లోకి వెళ్ళిపోవచ్చు. డాక్టర్లు దీన్ని అడ్రినల్ క్రైసిస్ అంటారు. అత్యవసరంగా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించాలి. ఈ మనిషి స్టెరాయిడ్ వాడుతూ మానేసిందని వైద్యం చేసేవాళ్ళకు తెలియకపోతే గ్యాస్ట్రిక్ సమస్యనో, ఫుడ్ పాయిజనింగో అనుకుని విలువైన గంటలు పోతాయి. అందుకే దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడేవాళ్ళు మందు పేరు, మోతాదు రాసిన కాగితం పర్సులో ఉంచుకోవాలని చెబుతారు. మానేసిన సంగతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండటం కూడా అంతే ముఖ్యం. అమ్మాయి రహస్యంగా మాత్రలు పారేయడానికి కారణం మనం అన్న మాటే అయినప్పుడు, ఆ సంగతి మనకు చెప్పగలదా?

అడ్రినల్ గ్రంథుల మాట అటుంచితే, అణిగిన లూపస్ మళ్ళీ లేవవచ్చు. ఈసారి కిడ్నీలో మచ్చపడిన భాగం తిరిగి మామూలుకు రాకపోవచ్చు.

ఇన్సులిన్ విషయంలోనూ ఇదే కథ మరో రూపంలో నడుస్తుంది. టైప్ 1 డయాబెటిస్ బయటపడే ముందు పిల్లలు వారాల్లో చిక్కి శల్యమవుతారు. తిన్న చక్కెర ఒంటికి పట్టక మూత్రంలో పోతుంటుంది కాబట్టి శరీరం తన కండనూ కొవ్వునూ తానే కరిగించుకుంటుంది. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఆ చిక్కిపోవడం చావుకు ముందు మెట్టు. ఇప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టగానే పోతున్న చక్కెర ఒంట్లో నిలిచి బరువు పెరుగుతుంది. అది కోలుకోవడం. కాలేజీ వయసు అమ్మాయికి మాత్రం “సూదులు వేసుకున్నాక ఒళ్ళు చేశావే” అని వినిపిస్తుంది. సన్నబడటం కోసం ఇన్సులిన్ డోసులు దాటవేయడం అన్నది డయాబెటిస్ వైద్యులు ప్రపంచమంతటా గుర్తించి, భయపడే సమస్య. దాని పర్యవసానం రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్. కళ్ళు, కిడ్నీలు త్వరగా దెబ్బతినడం.

చిన్నపిల్లల్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు, చూసిన తల్లిదండ్రులకు ముఖం చేసే తికమక బాగా తెలుసు. పిల్లవాడు పొద్దున లేచేసరికి కనురెప్పలు వాచి ఉంటాయి, తర్వాత ముఖానికీ కాళ్ళకూ నీరు పడుతుంది. చూసినవాళ్ళు “బొద్దుగా ముద్దొస్తున్నాడు” అంటారు. అప్పుడది జబ్బు. మన దేశంలో వాడే పద్ధతి ప్రకారం బరువుకు కిలోకి 2 మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు రోజూ, తర్వాత కాస్త తగ్గించి మరో ఆరు వారాలు రోజు విడిచి రోజు ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. నీరు దిగిపోతుంది. ఆ వెనకే మందు వల్ల బుగ్గలు మళ్ళీ ఉబ్బుతాయి. ఇప్పుడది చికిత్స. బయట నుంచి రెండూ ఒకలాగే కనబడతాయి. తేడా తెలిసేది తల్లి రోజూ పొద్దున మూత్రాన్ని పరీక్షించి నోటుబుక్కులో రాసుకునే ప్రొటీన్ లెక్కలో. ఆ నోటుబుక్కు చూడని నాయనమ్మ “ఆ మందులు ఆపేయండమ్మా, పిల్లాడు ఉబ్బిపోతున్నాడు” అంటుంది. ప్రేమతోనే అంటుంది. కోడలు ఆ మాటకు ఎదురు చెప్పలేని ఇళ్ళు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. కాబట్టి పిల్లల డాక్టరు ఈ తేడాను నాయనమ్మను కూర్చోబెట్టి చెప్పాలి. తల్లికి ఒక్కదానికే చెబితే సరిపోదు.

ఎందుకు అంటారు

తెలుగునాట మనిషిని మనిషి పలకరించేది ఒంటిని చూసే. తెలంగాణలో “ఏందిరా, గిట్ల అయినవ్?” అన్నా, గోదావరి వైపు “చిక్కిపోయేవేంటమ్మా” అన్నా అందులో ఉన్నది ఆపేక్షే. ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉందనిపిస్తుంది. క్షయకు మందు లేని కాలంలో, కరువులు వెంటవెంటనే వచ్చిన కాలంలో, సన్నబడటం అంటే ప్రమాద ఘంటిక. ఒళ్ళు చూసి ఆరోగ్యం చెప్పడం అప్పట్లో చాలావరకు నిజమే చెప్పేది. ఇవాళ్టి దీర్ఘకాలిక జబ్బుల్లో ఆ లెక్క పనిచేయదు. థైరాయిడ్, లూపస్, కీళ్ళవాతం, డయాలసిస్ అవసరమైన కిడ్నీ జబ్బు, కాన్సర్ చికిత్స, వీటన్నిటిలో రూపాన్ని మార్చేది కొంత జబ్బు, కొంత మందు. రెండింటినీ విడదీసి చూడటం శిక్షణ ఉన్న కంటికే కష్టం.

అన్ని మాటల వెనకా ఆపేక్ష ఉండదు. అంటువ్యాధి సూచనల నుంచి దూరంగా జరగమని మనసు తొందరపెట్టే గుణం మనుషుల్లో ఉంది. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ షాలర్ దీనికి ప్రవర్తనాపరమైన రోగనిరోధక వ్యవస్థ అని పేరుపెట్టారు. అది జాగ్రత్త ఎక్కువై తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది. అంటుకోని మచ్చను చూసి కూడా అంటుకుంటుందేమోనని జంకుతుంది. బొల్లి ఉన్నవాళ్ళ అనుభవం ఇదే. చర్మానికి రంగునిచ్చే కణాలను సొంత రోగనిరోధక కణాలే నాశనం చేయడం వల్ల వచ్చే ఆ తెల్లమచ్చలు ఎవరికీ అంటుకోవు. చేపలూ పాలూ కలిపి తిన్నందుకు రావు. కుష్ఠుకూ దానికీ సంబంధం లేదు. అయినా పక్క సీటు ఖాళీగా ఉండిపోతుంది.

2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని ప్రకటించారు. రోగనిరోధక వ్యవస్థ కండరాల మీదే దాడిచేసే జబ్బు అది. చేతికి డ్రిప్ ఉండగానే ‘యశోద’ డబ్బింగ్ చెబుతున్న ఫొటో అప్పుడు చాలామంది చూశారు. 2023 జనవరిలో ‘శాకుంతలం’ ట్రైలర్ విడుదల సభకు వచ్చాక, ఆమె ముఖంలో కళ పోయిందంటూ సోషల్ మీడియాలో ఒక వ్యాఖ్య వచ్చింది. తాను పడినట్టు నెలల తరబడి చికిత్స, మందులు మీకు ఎన్నడూ రాకూడదని కోరుకుంటున్నానని, మీ కళకు తోడుగా తన ప్రేమను పంపుతున్నానని ఆమె జవాబిచ్చారు. ఆ జవాబును చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం జవాబు కంటే ముందరి సంగతే ముఖ్యంగా తోచింది. జబ్బు పేరు ఊరంతటికీ తెలిసిన మనిషికే ఆ మాట తప్పలేదు. పేరు బయటికి చెప్పుకోలేని మామూలు ఇంటి అమ్మాయి సంగతి ఏమిటి?

మన ఇళ్ళలో జబ్బు దాచడానికి మొదటి కారణం పెళ్ళి. సంబంధాలు చూసే వయసులో లూపస్ అనో, టైప్ 1 అనో బయటికి పొక్కితే తమ్ముడికీ చెల్లికీ కూడా సంబంధాలు రావన్న భయం. దాచినకొద్దీ రూపం మీద మాటలు పెరుగుతాయి. కారణం తెలియని చుట్టాలు తమకు తోచిన కారణం కల్పించుకుంటారు. ముఖం ఉబ్బితే తిండి ఎక్కువైందని, జుట్టు పలచబడితే షాంపూ సరిగ్గా లేదని, పెళ్ళయ్యాక సన్నబడితే అత్తారింట్లో సరిగ్గా చూడటం లేదని. 1963లో ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త కళంకం మీద రాసిన పుస్తకంలో ఈ తేడాను స్పష్టంగా చూపించారు. కళంకం బయటికి కనబడేవాళ్ళ బాధ ఎదుటివాళ్ళ చూపును తట్టుకోవడం. దాచగలిగినవాళ్ళ బాధ ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో నిత్యం లెక్కలు వేసుకోవడం. స్టెరాయిడ్ వాడుతూ జబ్బు దాచుకునే అమ్మాయి మీద ఈ రెండు బరువులూ ఒకేసారి పడతాయి.

దీనికి తోడు “పైకి బాగానే ఉన్నావుగా” అనే మాట. ఆఫీసులో సెలవు అడిగినప్పుడు ఎక్కువగా వినిపించేది ఇదే. లూపస్‌లో అలసట రక్తపరీక్షలో కనబడదు, ముఖంలోనూ కనబడదు. లావు కనబడితే నిందా, జబ్బు కనబడకపోతే అపనమ్మకమూ.

మాట ఒంట్లోకి ఎలా దిగుతుంది

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో ఒక పరీక్ష రూపొందించారు. మనిషిని ఏ భావమూ ముఖంలో చూపించని ఒక బృందం ముందు నిలబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడమంటారు. తర్వాత 1022 నుంచి వరుసగా 13 తీసేస్తూ పైకి చెప్పమంటారు. ఆ కొద్ది నిమిషాలకే చాలామందిలో కార్టిసాల్ గణనీయంగా పెరుగుతుంది. 2004లో శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ ఇలాంటి 208 ప్రయోగశాల అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. కార్టిసాల్ ఎక్కువగా పెరిగేది పని కష్టమైనంత మాత్రాన కాదని, ఇతరులు తనను తూకం వేస్తున్నారన్న భావన, దాన్ని మార్చడం తన చేతిలో లేదన్న భావన రెండూ కలిసినప్పుడని తేల్చారు. మందు వల్ల ఉబ్బిన ముఖంతో పెళ్ళికి వెళ్ళడంలో ఆ రెండూ ఉన్నాయి. తూకం వేసేది రెండు వందల మంది. మార్చుకునే వీలు సున్నా.

మచ్చ ఎంత పెద్దదైతే బాధ అంత ఎక్కువని అనుకుంటాం. బ్రిస్టల్‌లో రూపానికి సంబంధించిన మనస్తత్వ పరిశోధన చేసిన నికోలా రమ్సీ బృందం పని అలా చెప్పలేదు. మార్పు తీవ్రతను బట్టి మనిషి బాధను అంచనా వేయలేం. చిన్న మచ్చకు ఇల్లు దాటనివాళ్ళున్నారు, పెద్ద మార్పుతో నిమ్మళంగా బతికేవాళ్ళున్నారు. కాబట్టి “నీది చాలా తక్కువ, ఫలానావాళ్ళను చూడు” అనే ఓదార్పు ఎవరికీ పనికిరాదు.

1980లో అమెరికాలో రాబర్ట్ క్లెక్, ఆంజెలో స్ట్రెంటా చేసిన ఒక ప్రయోగం ఈ విషయంలో నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. పాల్గొన్నవాళ్ళ ముఖం మీద మేకప్‌తో పెద్ద గాటు గీసి అద్దంలో చూపించారు. ఆపైన గాటు చెదరకుండా క్రీము రాస్తున్నామని చెప్పి, వాళ్ళకు తెలియకుండా దాన్ని పూర్తిగా తుడిచేశారు. లేని గాటుతో అపరిచితులతో మాట్లాడి వచ్చినవాళ్ళు, ఎదుటివాళ్ళు తమ ముఖాన్నే చూశారని, ఇబ్బంది పడ్డారని చెప్పారు. దీన్ని తీసుకుని “అంతా నీ మనసులోనే ఉంది” అనడం అన్యాయం. మాటలు నిజంగానే వస్తాయి. అయితే ఒకసారి మాట పడ్డ మనసు, ఆ తర్వాత ప్రతి చూపులోనూ ఆ మాటనే వెతుక్కుంటుంది. చూపుల్లో కొన్నిటికి మనతో సంబంధమే లేదని తెలియడం కొంత ఊపిరి తీసుకోనిస్తుంది.

ఏమని జవాబు చెప్పాలి

బ్రిటన్‌లో జేమ్స్ పార్ట్రిడ్జ్ అనే ఆయన 18 ఏళ్ళ వయసులో కారు ప్రమాదంలో ముఖం తీవ్రంగా కాలి, ఆ అనుభవంతో 1992లో చేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ స్థాపించారు. రూపంలో తేడా ఉన్నవాళ్ళకు ఆ సంస్థ నేర్పే పద్ధతుల్లో ఒకటి చాలా సులువైనది. ఒక ముక్క వివరించు, ఎదుటివాళ్ళకు ధైర్యం చెప్పు, మాట మళ్ళించు. మన ఇళ్ళకు సరిపోయేలా చెప్పుకుంటే ఇలా ఉంటుంది: “అవును పెద్దమ్మా, మందుల వల్ల మొహం ఉబ్బింది. నయమవుతోందని డాక్టరు గారు చెప్పారు. అది సరేగానీ, అన్నయ్య బెంగళూరు నుంచి ఎప్పుడొస్తున్నాడు?” పెద్దవాళ్ళకు ఎదురు చెప్పినట్టు ఉండదు, సంజాయిషీ ఇచ్చుకున్నట్టూ ఉండదు. ముందే రెండు మూడుసార్లు ఇంట్లో పైకి అనుకుని ఉంటే అక్కడ గొంతు పూడుకుపోదు.

జబ్బు పేరు చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఆఫీసులో “చికిత్సలో ఉన్నానండీ, మందుల ప్రభావం” అంటే చాలు. తవ్వి అడిగేవాళ్ళకు అదే వాక్యం మళ్ళీ అదే గొంతుతో చెప్పవచ్చు. రెండోసారికి చాలామంది ఆగిపోతారు. ఆగని వాళ్ళ దగ్గరనుంచి లేచి వెళ్ళిపోవడం తప్పు కాదు.

ఇంకా మేలైన మార్గం, ఆ భారం రోగి మీద పడకుండా చూడటం. పెళ్ళికి వెళ్ళే ముందు తల్లో, మేనత్తో ఒకరు నాలుగు ఇళ్ళకు ఫోన్ చేసి “పిల్ల మందుల మీద ఉంది వదినా, ఒంటి సంగతి ఎత్తకండి” అని చెప్పి ఉంచితే, ఆ పిల్లకు పందిట్లో సగం బరువు దిగుతుంది. బడికి తిరిగి వెళ్ళే పిల్లవాడి విషయంలో ఆ పని క్లాస్ టీచరు చేయాలి. పిల్లలు ఎగతాళి చేసేది తెలియకే. ఇది మందు వల్ల వచ్చింది, కొన్ని నెలల్లో పోతుంది, అంటుకోదు అన్న మూడు సంగతులు తరగతికి చెబితే చాలావరకు ఆగుతుంది.

మరి పలకరించడమెలా? “ఓపిక ఎలా ఉంటోంది?”, “నిద్ర పడుతోందా?”, “కాసేపు కూర్చుందామా?” ఇవన్నీ ఆపేక్షగా అడగదగ్గవే. సన్నబడినందుకు మెచ్చుకోవడం కూడా మానాలి. అది జబ్బు తిరగబెట్టిన గుర్తు కావచ్చు.

ఒంటిని గమనించడమే తప్పని నేను అనను. కిడ్నీ జబ్బు విస్తారంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్ళ ఇళ్ళలో గమనించే కళ్ళు ఉండి తీరాలి. రెండు డయాలసిస్‌ల మధ్య నీరు చేరి కాళ్ళు వాస్తున్నాయా, పడుకుంటే ఆయాసం వస్తోందా, బరువు ఎంత పెరిగింది, ఇవి ఇంట్లోవాళ్ళే ముందు కనిపెడతారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. కళ్ళు పచ్చబడటం, పెదాలు పాలిపోవడం, ఒక కాలే వాయడం కూడా అంతే. అయితే ఈ మాటలు అనేది ఆసుపత్రికి తోడు వెళ్ళే మనిషి, గదిలో, మెల్లగా, “పద, చూపించుకొద్దాం” అన్న మాట కలిపి. పంక్తి భోజనంలో ఎదురుగా కూర్చుని “మనిషి నల్లబడిపోయాడు, చెయ్యి మీద ఆ ఉబ్బేంటి?” అని అడిగితే డయాలసిస్ కోసం చేసిన ఫిస్టులాను అతను ఆ తర్వాత ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా కింద దాచుకుంటాడు.

ఇక డాక్టరు గది. రూపం గురించి అక్కడ మాట్లాడటానికి చాలామంది సిగ్గుపడతారు. ప్రాణం నిలబెట్టిన మందు మీద ముఖం ఉబ్బిందని ఫిర్యాదా అనుకుంటారు. ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు, డాక్టరు చూపు రిపోర్టుల మీద ఉంటుంది. అయినా చెప్పాలి. “ఈ మొహంతో కాలేజీకి వెళ్ళలేకపోతున్నాను, రెండుసార్లు మాత్ర మానేయాలనిపించింది” అన్న వాక్యం వైద్యుడి నిర్ణయాన్ని మార్చగల సమాచారం. స్టెరాయిడ్ భారాన్ని తగ్గించడానికి హైడ్రాక్సీక్లోరోక్విన్, మైకోఫినోలేట్, అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులు ఉన్నాయి. లూపస్‌ను అదుపులో ఉంచే దశలో ప్రెడ్నిసొలోన్‌ను రోజుకు 5 మిల్లీగ్రాములకు మించనివ్వకూడదని, వీలైతే పూర్తిగా ఆపాలని యూరప్ రుమటాలజీ వైద్యుల సంఘం 2023 సిఫారసుల్లో చెప్పింది. ఎప్పుడు, ఎంత చొప్పున తగ్గించాలన్నది డాక్టరు నిర్ణయించాలి. గ్రంథులు నిద్రలేచే వ్యవధి ఇస్తూ, వారాలుగా, నెలలుగా తగ్గిస్తారు.

మోతాదు తగ్గాక ముఖం వెంటనే మారదు. ముందు నీరు తీస్తుంది, తర్వాత కొన్ని నెలల్లో బుగ్గలు దిగుతాయి. పొట్ట చుట్టూ చేరిన బరువుకు ఇంకాస్త కాలం, నడక, వ్యాయామం కావాలి. తొడల్లో పోయిన కండ తిరిగి రావడానికీ అంతే. పొట్ట మీద వచ్చిన ఊదారంగు చారలు మాత్రం పూర్తిగా పోవు. ఏడాది రెండేళ్ళలో పలచబడి తెల్లగీతలవుతాయి. ఈ సంగతులన్నీ మొదటి చీటీ రాసే రోజునే, వెంట వచ్చిన ఇంట్లోవాళ్ళ ఎదుటే డాక్టరు చెప్పి పంపాలి. ముఖం ఉబ్బడం మొదలయ్యే వేళకు ఆ ఇంట్లో కనీసం ఇద్దరికి అది మందు పని అని తెలిసి ఉంటుంది.